పచ్చ ఫార్గో: నడుమ కూర్చునే మనిషి

కిందటి వారం ఇస్సాకును చెవి దగ్గర ఫోను పెట్టుకుని నిలబడ్డచోట వదిలిపెట్టాం.

కంచన్‌బాగ్‌లో మిశ్రమలోహాల ఫ్యాక్టరీలో ముప్పై నాలుగేళ్ళు ఫిట్టరుగా చేసి రిటైరైన మనిషి అతను. ఆ తర్వాతి రెండేళ్ళూ ఇంటి వెనక రేకుల షెడ్డులో 1957 నాటి ఫార్గో పికప్ బండి ముందే గడిపాడు. తుప్పు ముద్దగా ఉన్న దాన్ని నట్టు నట్టూ విప్పి, కడిగి, అతికించి, లేత పచ్చరంగు వేసి మళ్ళీ రోడ్డెక్కించాడు. అంత ప్రేమగా బతికించుకున్న బండిని అమ్మకానికి పెట్టడానికి కారణం ఒక్కటే. దాని సీటు.

ఒక ఆదివారం చర్చి నుంచి వస్తూ కూతురు ప్రీతిని కిటికీ పక్కన కూర్చోబెట్టుకుంటే, ఇద్దరి నడుమ ఖాళీగా ఉన్నచోట సీటు మెల్లగా కిందికి దిగింది. ఎవరో బరువైన మనిషి సర్దుకుని కూర్చున్నట్టు దిగింది. మలక్‌పేటలో ఫంక్షన్ హాలు నడిపే వేణుగోపాల్ బండి కొందామని వచ్చి ఒక్కడే నడిపి చూస్తుంటే, ఈసారి నడుమ కాదు, కిటికీ పక్కన దిగింది. వేణుగోపాల్ గమనించలేదు. గేటు దగ్గర నిలబడ్డ ఇస్సాకు గమనించాడు. స్ప్రింగులు మార్చాడు. కొబ్బరిపీచు తీసి కొత్తది కూరాడు. ఏం చేసినా అంతే.

ఇంకో సంగతి కూడా పాఠకులకు గుర్తుండే ఉంటుంది. బండిని కార్వాన్ తుక్కు కొట్టులో కొన్నానని ప్రీతికి చెప్పాడు. అది అబద్ధం. తన తండ్రి సామ్యూల్ చనిపోయే ముందు చెప్పిన గుర్తులు పట్టుకుని వెళ్ళి తెచ్చాడు.

ఇవాళ ఒంటిగంటకు వేణుగోపాల్ వచ్చి బండి తీసుకుపోవాలి. ఈలోగా ఆ ఫోను. "బండి ఎవ్వరికి ఇయ్యకు. నేను వస్తున్న. నా పేరు విమలాదేవి, కార్వాన్ బసవయ్య సేటు భార్యను. యాభై మూడేండ్ల కింద మా ఆయన ఆ బండిల పోయిండు. బండీ రాలే, ఆయనా రాలే."

*

పదకొండు కాకముందే గేటు బయట ఆటో ఆగింది.

గొంతు విని ఇస్సాకు మంచాన పడ్డ ముసలామెను ఊహించుకున్నాడు. దిగినామె డెబ్బై అయిదేళ్ళ వయసులోనూ నిటారుగా ఉంది. గంధం రంగు నేతచీర, నుదుట పెద్ద కుంకుమబొట్టు, మెడలో నల్లపూసలు. చెప్పులు విడుస్తుంటే కాలివేళ్ళకు వెండి మెట్టెలు మెరిశాయి. యాభై మూడేళ్ళుగా భర్త జాడ లేని మనిషి కాళ్ళకు ఆ మెట్టెలు అరిగి పలచబడి, వేలి చర్మంలోకి దిగిపోయి ఉన్నాయి.

"ఇస్సాకంటే నువ్వేనా?"

"నేనేనమ్మా. లోపలికి రాండ్రి. ఎండ మస్తుగుంది, మంచినీళ్ళు తాగుండ్రి."

"నీళ్ళు తర్వాత. బండి ఏడుంది?"

ప్రీతి ఆ రోజు స్కూలుకు సెలవు పెట్టింది. సంతోష్‌నగర్‌లో పిల్లలకు లెక్కలు చెబుతుంది. బండి పోయేదాకా తండ్రిని ఒంటరిగా వదలకూడదని ఉండిపోయింది. ఆమే ముందు నడిచి షెడ్డు తలుపులు రెండూ బార్లా తెరిచింది.

పొద్దెక్కిన ఎండ వెలుగు బండి మీద పడింది. గుండ్రటి హెడ్‌లైట్లు, ఉబ్బిన మడ్‌గార్డులు, ముందు అద్దం రెండు పలకలు. తళతళలాడుతూ ఉంది. విమలాదేవి దాన్ని ముట్టుకోలేదు. ఎడంగా నిలబడి, మెల్లగా చుట్టూ తిరిగి, వెనక సామాను వేసే డాలా తలుపు దగ్గర ఆగింది. అక్కడ రెండు చిలుకలు ఎదురెదురుగా వేసి ఉన్నాయి.

"ఈ కుడి దిక్కు చిలుకకు రెండు కండ్లు ఒక్క పక్కనే ఎందుకేసినవ్?"

"పాత రంగు గీకుతుంటే కింద గట్లనే కనవడ్డదమ్మా. కాయితం పెట్టి అచ్చు తీసుకున్న. ఎట్లుండెనో అట్లనే ఏసిన."

"నేనే ఏపిచ్చిన," అందామె. "పెయింటరు తప్పు గీసిండని లొల్లి చేసిన. మా ఆయన నవ్విండు. ఉండనియ్యి విమలా, అది మనల్ని రెండు కండ్లతోని చూస్తది అన్నడు."

ఆమె నవ్వబోయి ఆగిపోయింది. తల ఎత్తి గాలి పీల్చింది.

"శొంఠి వాసన."

 ఆ వాసన ఇస్సాకుకూ తెలుసు. బండిలో పాత చెక్క ఒక్క ముక్క మిగలలేదు, పాత గుడ్డ మిగలలేదు. డీజిలుతో తుడిచాడు, సబ్బుతో కడిగాడు. తలుపు తీసినప్పుడల్లా ముక్కుపుటాలు ఘాటెక్కేవి.

"శొంఠి, మిరియాలు, పసుపు. ఏది మోసినా ఈ బండిల శొంఠి వాసనే మిగిలేది," అంటూ విమలాదేవి కొంగు నడుముకు దోపుకుంది. "నువ్వు నడిపే కాడ కూసో ఇస్సాకు. నేను కిటికీ పక్కన కూసుంట."

"అమ్మా, ఇప్పుడెందుకు..."

"కూసో బిడ్డా."

ప్రీతి చెయ్యందిస్తే ఆమె మెట్టు మీద కాలుపెట్టి ఎక్కి కూర్చుంది. ఇస్సాకు అటువైపు నుంచి ఎక్కాడు. స్టీరింగు మీద రెండు చేతులూ పెట్టి ముందుకే చూస్తూ కూర్చున్నాడు. ఇంజను వేయలేదు. షెడ్డు రేకులు ఎండకు టిక్కుటిక్కుమంటున్నాయి. బయట రోడ్డు మీద తోపుడుబండి మీద ఎల్లిపాయలమ్మేవాడి మైకు అరుస్తోంది.

ఆ మైకు అరుపు మధ్యలోనే రెక్సిన్ కిర్రుమంది.

ఇస్సాకు తొడ పక్కన సీటు దిగింది. ముందు కొంచెం. ఆగింది. తర్వాత ఒక్కసారిగా జానెడు లోతున గుంట పడింది. గుంట చుట్టూ కొత్త రెక్సిన్ మీద ముడతలు లేచాయి. అతని మోకాలు తనంతట అదే తలుపు వైపు జరిగింది, ఇరుకు సీటులో పక్కమనిషికి చోటిచ్చినట్టు. జరిగాక గానీ తాను జరిగినట్టు అతనికి తెలియలేదు. 

కిటికీ దగ్గర నిలబడ్డ ప్రీతి చేత్తో నోరు మూసుకుంది.

విమలాదేవి మాత్రం సీటు వైపు చూడలేదు. ముందు అద్దంలోంచి గోడనే చూస్తూ, ఎడమ భుజం మీద జారిన కొంగును సర్దుకుని, కొద్దిగా నడుమ వైపు ఒరిగింది. కొత్తగా పెళ్ళయిన పిల్ల పదిమందిలో భర్త పక్కన కూర్చున్నప్పుడు ఒరిగినట్టుంది ఆ ఒరగడం.

"జరిగిండు," అంది నెమ్మదిగా.

"ఎవరు?" ప్రీతి గొంతు కీచుగా వచ్చింది.

"నేను బండెక్కినప్పుడు ఆయన నడుమకు జరుగుతడు బిడ్డా. పెండ్లాం డ్రైవరు పక్కన కూసుంటే నలుగురు ఏమనుకుంటరోనని. నన్ను కిటికీ పక్కన ఏసి, తను నడుమ ఇరుక్కొని కూసునేటోడు. నేను లేకుంటే కిటికీ పక్కనే. మోచెయ్యి బయటికేసి, దారి పొడుగునా అందరికి సలాములు కొట్టుకుంట పోయేటోడు."

ఇస్సాకు తలుపు తోసుకుని దిగేశాడు.  మడ్‌గార్డు పట్టుకున్నాడు. కూతురు ఉంటే నడుమ, మగవాడు ఒక్కడే నడిపితే కిటికీ పక్కన. స్ప్రింగుల్లో, పీచులో, చట్రంలో అతను వెతికిన జవాబు ఈమె బండి ఎక్కి ఒక్క నిమిషంలో చెప్పేసింది. అతను ఈమెకు సీటు సంగతి ఒక్క ముక్క కూడా చెప్పలేదు.

*

ఆమెను బయటికి తెచ్చి షెడ్డు నీడలో ప్లాస్టిక్ కుర్చీలో కూర్చోబెట్టారు. ప్రీతి మంచినీళ్ళు తెచ్చింది. విమలాదేవి సగం తాగి, గ్లాసు రెండు చేతుల మధ్య పట్టుకుని కూర్చుంది.

"మా మనవరాలు రచన ఫోన్ల ఈ బండి ఫోటో చూపెట్టింది. నానమ్మా, పాత బండి ఎంత ముద్దుగుందో చూడు అన్నది. చిలుకలు చూసిన. నాకు కాలు చెయ్యి ఆడలే."

"అసలు ఏమైందమ్మా ఆ రోజు?" ప్రీతి పక్కన స్టూలు లాక్కుని కూర్చుంది.

"శనివారం. మాకు కార్వాన్ల మూతబడ్డ పాత తోళ్ళ గోదాము ఒకటి కిరాయికి ఉండె. ఇంట్ల ఎవ్వరికి తెల్వకుండ బండి అప్పుడప్పుడు అండ్ల పెట్టేటోళ్ళం. పురానాపూల్ కాడ డ్రైవరును దిగమన్నడు మా ఆయన. నువ్వింటికి పో అన్నడు. అక్కడికెళ్ళి గోదాము దాక నవ్వుకుంటనే వచ్చిండు. కిటికీల మోచెయ్యి పెట్టి, చేతిరుమాలు గాలికి పట్టుకొని, చిన్నపోరని లెక్క..."

ప్రీతి కనుబొమలు ముడిపడ్డాయి. ఆమె బుర్ర పిల్లల నోటుపుస్తకాల్లో తప్పు దొరికినప్పుడు పనిచేసినట్టే పనిచేసింది.

"ఒక్క నిమిషం అమ్మా. ఆయన కిటికీ పక్కన కూసున్నడంటే మీరు బండిల లేనట్టు. మీరుంటే నడుమకు జరుగుతడన్నరు కదా. మరి ఆయన నవ్వుకుంట వచ్చిండని మీకెట్ల తెలుసు?"

విమలాదేవి చేతిలో గ్లాసు కదలడం ఆగిపోయింది.

"డ్రైవరును దింపేసినంక బండి ఎవరు నడిపిన్రు?" ప్రీతి మళ్ళీ అడిగింది, ఈసారి మెల్లగా.

 విమలాదేవి గ్లాసు కింద పెట్టింది. అరిగిపోయిన మెట్టెల వైపు చూసుకుంది.

"నేనే."

ఇస్సాకు తల ఎత్తాడు.

"ఆయనకు బండి నడుపుడు రాదు. స్టీరింగు ముట్టనే ముట్టలే. నాకే సరదా. మలక్‌పేట రేసుల మైదానం పక్కన ఖాళీ రోడ్డు మీద, ఆదివారాలు, డ్రైవరు నేర్పిచ్చిండు. మా ఆయనే నేర్పియ్యమన్నడు. ఇంట్ల ఎవ్వరికి తెల్వదు, మా బావగారికి తెలిస్తే చంపుతుండె. ఆ దినం, డ్రైవరు లేకుండ ఒక్కదాన్నే నడుపుత అని పట్టుబట్టిన. నడిపిన. గోదాము దాక మంచిగనే నడిపిన."

ఆమె గొంతు ఎక్కడా వణకలేదు. ఇన్నేళ్ళు లోపల వల్లె వేసుకున్న పాఠంలా వస్తున్నాయి మాటలు.

"ఆయన దిగి ముందట నిలబడ్డడు. ఎనక గోడ, ముందు బండి. రా రా అని చేతులూపుతున్నడు. నేను బ్రేకనుకొని ఇంకోటి తొక్కిన. బండి ఎగిరి దుంకింది. కండ్లు తెరుచుకొనే ఉండె బిడ్డా. నన్నే చూస్తుండె. రెప్ప మాత్రం కొట్టలే."

షెడ్డు రేకుల మీద కాకి వాలి, గోళ్ళు గీరుకుంటూ అటు నుంచి ఇటు నడిచింది.

"డ్రైవరుకు మనసొప్పక పురానాపూల్ కాడ దిగి మా ఎనకనే నడుచుకుంట వచ్చిండు. వచ్చి చూసిండు. అమ్మా, మీరిక్కడికి రాలే, నేను మిమ్మల్ని చూడలే, ఇంటికి పోండ్రి అన్నడు. కొంగు కప్పుకొని సందుల పొంటి ఇంటికి పోయిన. తెల్లారి డ్రైవరొచ్చి మా బావగారికి చెప్పిండు, సేటు నన్ను దింపేసి బండి తనే నడుపుకుంట పోయిండని. సేటుకు బండి రాదని కార్వానంత ఎరుకే. ఎవరు నమ్ముతరు? పాపం, ఇంకే అబద్ధం తోచలే ఆయనకు."

"పోలీసులకు పట్టిచ్చిన్రు," అన్నాడు ఇస్సాకు.

విమలాదేవి చటుక్కున అతని వైపు తిరిగింది.

"నలభై దినాలు ఠాణాల పెట్టిన్రు. మోకాలు విరిగింది. మాట మాత్రం మార్చలే," అన్నాడు ఇస్సాకు కళ్ళు తిప్పకుండా. "ఇంటికొచ్చినంక లారీ యాక్సిడెంటని చెప్పిండు. మా అమ్మ కాశమ్మ కూడ గదే చెప్పింది. నాకప్పుడు తొమ్మిదేండ్లు. ఠాణా సంగతి చానేండ్లకు అమ్మనే చెప్పింది."

"నువ్వు..."

"మీ డ్రైవరు సామ్యూల్ కొడుకునమ్మా."

ప్రీతి లేచి నిలబడింది. తాత ఆమెకు బాగా గుర్తు. కుంటుకుంటూ చర్చి కాంపౌండులో కాపలా తిరిగేవాడు. ఆటో ఎక్కితే వెనక మూలకు ఒదిగి కూర్చునేవాడు. ఒకసారి కారులో ముందు సీటు ఇస్తే వద్దని, ఆసుపత్రి దాకా ఎండలో నడిచి వెళ్ళాడు. అదేదో ముసలితనపు మొండితనం అనుకుందామె ఇన్నాళ్ళూ.

"డాడీ, నాకెందుకు చెప్పలే?"

ఇస్సాకు విమలాదేవి ముందుకు వచ్చి నిలబడ్డాడు. పెద్ద గొంతుతో మాట్లాడే అలవాటు లేని మనిషి. ఇప్పుడు కూడా గొంతు పెంచలేదు. 

"నలభై దినాలమ్మా. ఒక్కనాడన్న మీకు నోరు రాలేదా?"

"రాలే."

"మా అమ్మ రోజు టిఫిను పట్టుకొని ఠాణా ముందట కూసునేది. మీ ఇంటికి కూడ వచ్చింది. మీ వాకిట్ల నిలబడ్డది. మీరు బయటికి రాలే."

"మేడ మీద కిటికీలకెళ్ళి చూసిన. దిగలే," అంది విమలాదేవి. "భయమైంది ఇస్సాకు. గంతే. ఇంకో కారణం ఏమన్న ఉన్నదేమోనని ఇన్నేండ్లు వెతుక్కున్న. దొరకలే."

ఇస్సాకు మొహం తిప్పుకున్నాడు. ఆమె వంగి, కుడికాలి మెట్టెను వేలితో తడిమింది.

"అందరికి ఆయన ఏటో పోయిండు. చచ్చిండని నాకొక్కదానికే ఎరుక. ఇవి తీసేస్తే ఒప్పుకున్నట్టయితది గదా. అందుకని పెట్టుకొనే ఉన్న. పూజలకు పిలుస్తరు, ముత్తైదువని ముందుగాల బొట్టు పెడతరు. ప్రతిసారి మొహం కాలినట్టుంటది."

అప్పుడే ఇస్సాకు జేబులో ఫోను మోగింది. వేణుగోపాల్.

"అన్నా, ట్రాలీ చెప్పిన. గంటల వస్తున్న. బండి రెడీయేనా?"

ఇస్సాకు బండి వైపు చూశాడు. సీటులో గుంట ఇంకా అలాగే ఉంది, ఎవరూ లేచి వెళ్ళనట్టు.

"వద్దు వేణుగోపాల్ అన్నా. బండి ఇయ్యను."

"గిట్లంటే ఎట్లనే! మాటిచ్చినవ్ గదా?"

"ఇచ్చిన. తప్పయింది. ఏమనుకోకు." ఫోను పెట్టేశాడు. పెట్టేశాక గుండెల మీంచి ఏదో దిగినట్టూ అనిపించింది, ఇంకేదో ఎక్కినట్టూ అనిపించింది.

విమలాదేవి కుర్చీలోంచి లేచింది. ఇస్సాకు ముందుకు వచ్చి రెండు చేతులూ జోడించింది. అతను ఒక అడుగు వెనక్కి వేశాడు.

"మాఫీ అడుగుతందుకు రాలే బిడ్డా. ఆ హక్కు నాకు లేదు. ఒక్కటే అడుగుతందుకొచ్చిన. బండి బయటికొచ్చిందంటే గోడ పగిలింది. గోడ పగిలిందంటే ఆయన దొరికిండు. ఆయనను ఏడ పెట్టినవ్?"

"ఏ గోడ?" అంది ప్రీతి.

"మీ తాత కట్టిన గోడ. నెల దినాల తర్వాత ఒక్కసారి చాటుగ పోయి చూసిన. గోదాములకు దారి లేదు. తలుపులుండే కాడ గోడ ఉంది. సామ్యూలే కట్టిండనుకున్న, ఆయనను లోపల్నే ఉంచి. చెప్పు ఇస్సాకు. బొక్కలు మూసీల కలిపినవా? మట్టి చేసినవా? ఏడ చేసినవో చూపెట్టు. ఒక్క పువ్వు పెట్టుకుంట."

ఇస్సాకు ఆమెను మళ్ళీ కూర్చోబెట్టి, తనో కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చున్నాడు. ఇది ఎవరికీ చెప్పకూడదనుకున్నాడు. బండి అమ్మేస్తే చెప్పే అవసరమే రాదనుకున్నాడు.

"అమ్మా, ఆ గోడ మా నాయిన కట్టలే."

"మరి ఎవరు?"

"నాయిన చచ్చిపోయే ముందు రెండు మాటలు చెప్పిండు. బండి ఏడుందో చెప్పి, లోపల సేటు ఉంటడు, తీసి మంచిగ మట్టి చెయ్యి అన్నడు. తర్వాత ఇంకో మాట. సేటు మీద కప్పుతందుకు గుడ్డ తెద్దామని బజారుకు పోయిండంట. ఒక్క గంట. మల్ల వచ్చెతల్లకు గోడ ఉన్నదంట. ఎండిపోయి ఉన్నదంట. చెయ్యి పెట్టి చూస్తే తడి లేదంట. గోడ నేను కట్టలే కొడుకా, ఎవరు కట్టిన్రో నాకు తెల్వదు అని అదే మాట అనుకుంటనే పోయిండు."

విమలాదేవి ముందుకు వంగింది. 

"జరం మాటలనుకున్న నేను. ఆ గోదాము కూలగొడుతున్నరని తెలిసి కాంట్రాక్టరును బతిమాలుకొని పోయిన. సుత్తి పట్టుకొని గోడ నేనే పగలగొట్టిన. ఒక్కన్నే. ఇటుకలు తీస్తుంటే ఒకటి అర్థమైంది. నేను ఫిట్టరును గని, తాపీ పని కొంచెం ఎరుకే. గోడ కట్టేటోడు ఏ దిక్కు నిలబడితే ఆ దిక్కు సున్నం నున్నగ గీస్తడు. అవతలి దిక్కు సున్నం బయటికి పొంగి గడ్డకట్టి ఉంటది. ఆ గోడ బయటి దిక్కు మొత్తం గడ్డలే."

ప్రీతి తండ్రి చెయ్యి పట్టుకుంది.

"నున్నటి దిక్కు లోపల ఉన్నదమ్మా. కట్టినోడు లోపల నిలబడి కట్టిండు. నాలుగు దిక్కుల గోడలే. పైన చెక్కుచెదరని రేకులు. ఇంకో దారి లేదు."

"మరి ఆయన?"

"లోపల బండి ఉన్నది. ఎనక గోడకు జానెడు దూరంల ఉన్నది. మనిషి లేడు. బొక్క లేదు, బట్ట లేదు, చెప్పు లేదు. ఎవ్వరు లేరమ్మా."

విమలాదేవి కళ్ళు మూసుకుంది. ఆమె మొహంలో ఉపశమనం కనిపించలేదు. యాభై మూడేళ్ళు తాను చంపానని నమ్మిన మనిషి అక్కడ లేడు. మరి ఇందాక సీటులో పక్కకు జరిగింది ఎవరు?

"ఒక్క తాపీ దొరికింది, డ్రైవరు సీటు మీద," అంటూ ఇస్సాకు లేచి, షెడ్డు గోడకున్న పనిముట్ల అర పైనుంచి గుడ్డలో చుట్టిన దాన్ని తెచ్చాడు. "దీన్ని చూసిన కాడికెళ్ళి నాకు నిద్ర లేదు. యాభై ఏండ్లు మూసి ఉన్న జాగ కదా. గిది ఏందో మీరే చెప్పుండ్రి."

గుడ్డ విప్పాడు. తాపీ రేకు మీద సున్నం ఎండి అట్టకట్టి ఉంది. చెక్కపిడి మీద మాత్రం నిగనిగలాడే గులాబీరంగు గోళ్ళరంగుతో చిన్న పువ్వు గీసి ఉంది. అయిదు రేకులు, నడుమ వెండి మెరుపుల చుక్క, పక్కన వంకరగా "ర" అనే అక్షరం.

విమలాదేవి ముట్టుకోలేదు. కుర్చీ చేతులు పట్టుకుని వెనక్కి జరిగింది.

"ఇది నీకు ఎప్పుడు దొరికింది?"

"రెండేండ్లయింది."

"లేదు," అందామె. "ఈ పువ్వు మా రచన మొన్న ఆదివారం గీసింది. పూలకుండీల మట్టి పెళ్ళగిస్తందుకు కొత్త తాపీ నేనే కొనిచ్చిన. ఈ పొద్దుగాల నేను వచ్చేటప్పుడు మా బాల్కనీల కుండీల గుచ్చి ఉండె. నా కండ్లతోని చూసి వచ్చిన."

 ముందుగా తేరుకున్నది ప్రీతి. "రచనకు ఫోన్ చెయ్యుండ్రి. ఇప్పుడే. తాపీ అక్కడుందో లేదో అడగండ్రి."

విమలాదేవి తన ఫోను ప్రీతి చేతిలో పెట్టింది. ప్రీతే నంబరు నొక్కి, స్పీకరు పెట్టి, ఫోను ఆమె నోటి దగ్గర పట్టుకుంది. నాలుగో రింగుకు అవతల రచన హుషారైన గొంతు వినిపించింది.

"నానమ్మా, ఎక్కడున్నవ్? బండి చూసినవా?"

"రచనా, కుండీల నీ తాపీ ఉన్నదా చూడు బిడ్డా. పువ్వేసింది."

"అదా? ఇప్పుడే ఇచ్చిన కదా నానమ్మా," అంది రచన. "ఒకాయన వచ్చి అడిగిండు, దగ్గరికొస్తే శొంఠి వాసన. చిన్న గోడ పని ఉందన్నడు. నువ్వే పంపినవంట కదా?"